అప్‌డేట్: పాకాల చెరువు దగ్గర గల్ పక్షి కాలి ఉంగరం నంబర్ చదవడం

కట్ట మీద నుంచి ఫొటో తీస్తే, గల్ (ఒక నీటి పక్షి) కాలికి గుర్తు కోసం పరిశోధకులు తొడిగిన ఉంగరంపై అంకెలు ఎందుకు మసకగా వస్తున్నయని పోయిన నెల అడిగిన. తప్పు కెమెరాది కాదు, టైమ్‌ది. ఎండ ఎక్కినంక నీళ్ల మీద గాలి వణుకుతది, ఎంత జూమ్ చేసినా అంకెలు కరిగినట్టే ఉంటయ్. పొద్దుగాల, సూర్యుడు వీపు వెనక ఉండేటట్టు నిలబడితే సగం పని అయినట్టే.

స్పాటింగ్ స్కోప్‌ను (దూరపు పక్షుల్ని చూసే దుర్బిణి) 20 రెట్లలో పెట్టి ముందు పక్షిని చూపులో పట్టాలె, తర్వాత 40. 60కి పోతే చీకటి, అదురు. ఫోన్ తగిలించి ఫొటోలు కాదు, వీడియో తీయాలె: అంకెలు ఉంగరం చుట్టూ ఉంటయ్, పక్షి తిరిగితేనే అన్నీ దొరుకుతయ్.

ఎడమ, కుడి అంటే పక్షివి, మనవి కావు. ఉంగరం 'మోకాలి'కి పైనా, కిందా అన్నదీ రాయాలె (అది నిజానికి మడమ కీలు!). అనుమానమున్న అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, తేదీ, స్థలం, ఫొటోతో పక్షులకు ఇట్ల ఉంగరాలు వేసి రికార్డు పెట్టే ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపొచ్చు. ఊహించి నింపితే ఇంకో పక్షి రికార్డు చెడుతది.

ఉంగరం చదివే బదులు పక్షికి జీపీఎస్ ట్యాగ్ (ఎక్కడికి పోతుందో చెప్పే చిన్న పరికరం) కట్టమన్న సలహా మాత్రం పక్కన పెట్టిన. ట్యాగ్ పక్షి బరువులో 3 శాతం దాటొద్దన్న లెక్కన 500 గ్రాముల పక్షికి 15 గ్రాములే మోయించాలె, పైగా పక్షిని పట్టుకోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలె.