బీథోవెన్ వయొలిన్ కాన్చెర్టో: రెండు రికార్డింగుల్లో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

బుజ్జితల్లి_నాన్న
అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, నాలుగేళ్లుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. వాళ్ల టీచర్ బీథోవెన్ కాన్చెర్టో (ఒక సోలో వయొలిన్, వెనక ఆర్కెస్ట్రా వాయించే పెద్ద రచన) రెండు రికార్డింగులు విని తేడాలు రాసుకు రమ్మన్నారు. ఒకటి రష్యన్ వయొలినిస్టు ఓయిస్ట్రాఖ్‌ది, క్లూటెన్స్ కండక్టర్, 1958 నాటిది. నెట్‌లో ఎవరో ఎక్కించిన కాపీ దొరికింది. రెండోది వయొలినిస్టు పెర్ల్‌మన్, కండక్టర్ జూలిని కలిసి చేసింది. అమ్మాయేమో ఓయిస్ట్రాఖ్ పరిగెడుతున్నాడు, వయొలిన్ గొంతు పీలగా ఉంది అంటోంది. నాకైతే రెండూ ఒకటే పాటలా ఉన్నాయి. మూడు సందేహాలు. అసలు ఏం చూసి మంచీచెడూ చెప్పాలి? పాత రికార్డింగులో గరగర ఉంటే అది లోపంగా లెక్కేయాలా? రెండు వేల లోపు ఈ సంగీతానికి పనికొచ్చే ఇయర్‌ఫోన్స్ ఏవి?

ఉక్కునగరం_బాబాయ్
ఓయిస్ట్రాఖ్ గొంతు పీలగానా! ఏటి బాబూ ఇది. పిల్లని ఏమీ అనను గానీ, ఆ మాట ఇంకెక్కడా అనకండి. స్టీల్‌ప్లాంట్ కట్టే రోజుల్లో మా నాన్నగారు రష్యన్ ఇంజనీర్లతో పని చేశారు. వాళ్లలో ఒకాయన తిరిగి వెళ్లిపోతూ మెలోడియా అనే రష్యన్ కంపెనీ వాళ్ల ఎల్పీ రికార్డు ఒకటి చేతిలో పెట్టి వెళ్లాడు. అట్ట మీద ఒక్క అక్షరం తెలిసేది కాదు. అది ఓయిస్ట్రాఖ్ అని, వాయించింది బ్రామ్స్ రాసిన కాన్చెర్టో అని తెలియడానికి మాకు పదేళ్లు పట్టింది. పేరు తెలియకపోయినా ప్రతి ఆదివారం వినేవాళ్లం. తీగపాకం పట్టినట్టు ఎక్కడా తెగకుండా సాగుతుంది ఆ శబ్దం. 2014లో హుద్‌హుద్ తుపానుకి మా హాల్లో కిటికీ అద్దాలు లేచిపోయి ఎల్పీలన్నీ నీళ్లలో నానాయి. అట్టలు అప్పడాల్లా ఉబ్బాయి. ఈయన ఒక్కడే బతికి బయటపడ్డాడు, మూడో మూవ్‌మెంట్‌లో (అంటే మూడో భాగంలో) ఒకచోట టక్ టక్ అంటాడు, అంతే. ఆ టక్ టక్ లేకుండా వింటే ఇప్పుడు నాకు ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

పాతపోస్టాఫీస్
బాబాయ్, తడిసినవి ఎలా బాగుచేశారు? మా ఇల్లు సముద్రానికి దగ్గర. తుపాను అక్కర్లేదు, మామూలు రోజుల్లోనే రికార్డుల మీద బూజు, వయొలిన్ తీగలకి తుప్పు. శ్రుతి చేసి పెట్టెలో పెడితే తెల్లారేసరికి శ్రుతి మారిపోయి ఉంటుంది.

ఉక్కునగరం_బాబాయ్
డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యలో లేబుల్ తడవకూడదు. నీడలోనే ఆరాలి. ఎండలో పెట్టావో, పళ్లెంలా వంగి కూర్చుంటుంది. నేను రెండు అలాగే పోగొట్టుకున్నాను.

సిరిపురం_శ్రోత
ప్రశ్న బీథోవెన్ గురించి కదండీ, బూజు గురించి కాదు.

ముందు మైకు ఎవరి దగ్గర పెట్టారో వినమనండి. హాల్లో కూర్చుంటే ఒక్క వయొలిన్ వెనక అంత పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది, సోలో వయొలిన్ అందులోంచి ఈదుకుంటూ రావాలి. రికార్డింగులో మాత్రం చాలాసార్లు దాన్ని మన చెవి పక్కనే కూర్చోబెడతారు. వయొలినిస్టు హైఫెట్జ్ రికార్డింగులు చాలావరకు అంతే. పరీక్ష చేయాలంటే రెండో మూవ్‌మెంట్ పెట్టండి. అక్కడ ఒకచోట అసలు పాట బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాయిద్యం) ఎత్తుకుంటుంది, వయొలిన్ దాని చుట్టూ అల్లుతుంది. బసూన్ ఏం పాడుతోందో అమ్మాయి కూనిరాగం తీయగలిగితే ఆ రికార్డింగులో ఇంజనీరు తన పని చేసినట్టు. వయొలిన్ అల్లిక ఒక్కటే వినపడితే, వాయించింది ఎవరైనా సరే, నా దృష్టిలో అది సగం రికార్డింగే.

నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి. 1955లో హైఫెట్జ్, కండక్టర్ మున్ష్ కలిసి మొదటి మూవ్‌మెంట్‌ని ఇరవై నిమిషాల చిల్లరలో ముగించారు. మిగతావాళ్లకి సాధారణంగా ఇరవై నాలుగు, ఇరవై ఐదు పడుతుంది. అయినా హైఫెట్జ్‌ది విన్నప్పుడు తొందరలో ఉన్నట్టు అనిపించదు. కాడెంజా, అంటే ఆర్కెస్ట్రా ఆగి వయొలిన్ ఒక్కటే వాయించే చోటు, ఎవరు రాసిందో కూడా చూడండి. వయొలిన్ కోసం బీథోవెన్ కాడెంజా రాయలేదు. ఓయిస్ట్రాఖ్ పాతతరం వయొలినిస్టు క్రైస్లర్ రాసింది వాయిస్తాడు. వయొలినిస్టు క్రెమర్ మాత్రం స్వరకర్త ష్నిట్కే రాసింది వాయించాడు. అందులో బీథోవెన్ తర్వాత పుట్టినవాళ్ల కాన్చెర్టోలు కూడా తొంగిచూస్తాయి. మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్ పాడైందేమో అనుకున్నాను.

నాలుగు_తీగలు
ఇక్కడ ఎవరూ అసలు విషయం ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్లుగా కచేరీల్లో వయొలిన్ వాయిస్తున్నాను, ఆకాశవాణి బీ-హై ఆర్టిస్టుని, చెప్పే అర్హత ఉందనుకుంటాను. వయొలిన్ రికార్డింగుని తేల్చేది ఎడమ చెయ్యి. వాళ్లు వైబ్రాటో అనేది మన గమకమే. కాకపోతే మన దగ్గర రకరకాలు ఉన్నాయి, వాళ్లకి ఒకటే రకం, చలిజ్వరం వచ్చినట్టు ప్రతి స్వరాన్నీ వణికించడం. ఎవరి వణుకు తక్కువుంటే వాళ్ల రికార్డింగు మంచిది. దీనికి మైకులూ నిమిషాలూ ఎందుకు?

సిరిపురం_శ్రోత
గురువుగారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ వైబ్రాటో గమకం కాదండి. గమకం పక్క స్వరాన్ని తాకి వస్తుంది, తీసేస్తే రాగమే మారిపోతుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టి వాయించి, ఇది తోడి అనండి చూద్దాం. వైబ్రాటో స్వరం ఉన్నచోటే ఉండి దాని నిగారింపు పెంచుతుంది. పూర్తిగా తీసేసినా బీథోవెన్ బీథోవెనే. వెనకటి తరం వయొలినిస్టు యోఆఖిమ్ 1903లో, పెద్ద వయసులో చేసిన రికార్డులు ఉన్నాయి, వినండి. వణుకు చాలా తక్కువ. ఎడతెరిపి లేకుండా వైబ్రాటో వేయడం క్రైస్లర్ తరంతో వచ్చిన అలవాటు. కాబట్టి వణుకు కొలిచి రికార్డింగుకి మార్కులు వేస్తే, మీరు మార్కులు వేసేది వాయించినవాడికి కాదు, వాడు పుట్టిన కాలానికి.

నాలుగు_తీగలు
తోడి నాకు నేర్పుతున్నారా మేడమ్? సంతోషం. 1952లో వెస్టర్న్ వయొలినిస్టు మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని మెచ్చుకున్నాడు. విశాఖలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయిన మనిషి. మన ఎడమ చేతిలో ఏముందో వాళ్లకి తెలుసు, మనకే తెలియదు.

సిరిపురం_శ్రోత
ద్వారం వారి గొప్పతనం ఎవరు కాదన్నారండీ? మెనూహిన్ మెచ్చుకుంటే వైబ్రాటో గమకం అయిపోతుందా? సరే, అదే మెనూహిన్ 1953లో కండక్టర్ ఫుర్ట్‌వాంగ్లర్‌తో చేసిన ఇదే బీథోవెన్ విన్నారా మీరు?

నాలుగు_తీగలు
అన్నీ వినాలని రూలు లేదు. వాయించేవాడికి నాలుగు బార్లు (మన ఆవర్తనాల్లాంటివి) చాలు.

సిరిపురం_శ్రోత
అంటే వినలేదు.

కొత్తవలస_కుర్రాడు
నేను రెండూ నేర్చుకున్నాను, ఒక మాట చెప్పొచ్చా? కర్ణాటకంలో నేల మీద కూర్చుని వయొలిన్ తలని కుడి చీలమండ మీద ఆనిస్తాం. వాయిద్యం కదలదు కాబట్టి ఎడమ చెయ్యి తీగ మీద పైకీ కిందికీ హాయిగా జారుతుంది. వెస్టర్న్ క్లాసులో నిలబెట్టి గడ్డం కింద పెట్టిస్తారు. మొదటి నెల నేను గమకం వేయబోతే వయొలిన్ మొత్తం ఊగేది. మా సార్ నవ్వి, అక్కడ జారకు, వేలు ఉన్నచోటే ఊపు అన్నారు. గురువుగారు అంటున్నది నిజానికి పోర్టమెంటో అనుకుంటా. అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వినపడేలా జారడం. మన జారు గమకానికి దగ్గరైంది అదే. క్రైస్లర్ రికార్డుల్లో బోలెడు. ఇప్పటివాళ్లు అంతగా వాడరు. బుజ్జితల్లి గారి అమ్మాయి ఈ తేడా రాసుకుంటే టీచర్ కచ్చితంగా మెచ్చుకుంటారు.

నాలుగు_తీగలు
తమ్ముడూ, వెస్టర్న్ ఎన్నేళ్లు?

కొత్తవలస_కుర్రాడు
రెండేళ్లు సార్.

నాలుగు_తీగలు
అదే అనుకున్నాను.

పాతపోస్టాఫీస్
మీరంతా తిట్టుకుంటుంటే నేను ఆ ఓయిస్ట్రాఖ్ కాపీ వెతికి విన్నాను. ఈ కాన్చెర్టో డి మేజర్. మొదట ఒంటరిగా మోగే టింపనీ (శ్రుతి చేసిన పెద్ద డోలు) స్వరమే డి, మన లెక్కలో రెండు శ్రుతి. ఫోన్‌లో తంబూరా యాప్ రెండుకి పెట్టి పక్కన మోగిస్తే పళ్లు జివ్వుమన్నాయి. రెండున్నరకి పెట్టాను, అతికినట్టు కూర్చుంది. ఎక్కించినవాడి టేపు వేగంగా తిరిగిందన్నమాట. అర స్వరం పెరిగిందంటే వేగం దాదాపు 6 శాతం పెరిగినట్టే. పరిగెట్టడం, పీలగా ఉండడం, రెండింటికీ కారణం అదే.

ఆడియోపిచ్చి
పాత రికార్డింగుల్లో వేగం కంటే కోతలు పెద్ద గొడవ. చైకోవ్‌స్కీ కాన్చెర్టో తీసుకోండి. 1957లో హైఫెట్జ్, కండక్టర్ రైనర్ చేసింది అందరూ నెత్తిన పెట్టుకుంటారు. కానీ అందులో హైఫెట్జ్ వాయించింది తన గురువు ఆవర్ కత్తిరించిన రూపం. మా చిన్నప్పుడు ఒక హాల్లో సెకండ్ షోకి పాటలు కోసేసి పంపించేవాడు, అలాగన్నమాట. మూడో మూవ్‌మెంట్‌లో ముక్కలు లేవు. మొత్తం వాయించినవాడితో దాన్ని ఎలా పోలుస్తారు?

ఉక్కునగరం_బాబాయ్
కోసినా హైఫెట్జ్ హైఫెట్జే. నిండు భోజనం అందరూ పెడతారు. ఆయన పెట్టింది నాలుగు ముద్దలే గానీ ఆవకాయ ముద్దలు.

ఆడియోపిచ్చి
బాబాయ్, అన్నిటికీ తిండితో పోలిక పెడితే చర్చ ఎలా సాగుతుంది? ఆ ఆవరే, చైకోవ్‌స్కీ 1878లో రాసిన ఈ కాన్చెర్టో తనకి అంకితమిస్తే వాయించనన్నాడు. చివరికి 1881లో వియన్నాలో బ్రాడ్‌స్కీ అనే వయొలినిస్టు వాయించాడు. వద్దన్నవాడే తర్వాత కత్తెర పట్టుకున్నాడు, నా బాధ అది.

సిరిపురం_శ్రోత
పాతపోస్టాఫీస్ గారూ, మీరు విన్న రెండున్నర శ్రుతి, అంటే డి షార్ప్, బీథోవెనే పెట్టాడండి. పదో బార్‌లో వయొలిన్లు ఉన్నట్టుండి అదే స్వరాన్ని నాలుగుసార్లు కొడతాయి. ఈ కాన్చెర్టోలో చాలా పేరున్న చోటు. అదే మీకు తగిలి ఉంటుంది.

పాతపోస్టాఫీస్
మేడమ్, మొదటి దెబ్బే రెండున్నరలో ఉంది. నేనింకా పదో బార్ దాకా వెళ్లనే లేదు.

లయ_తప్పదు
దెబ్బలంటే గుర్తొచ్చింది. మొన్న ఒక వీడియోలో ఎవరో ఈ కాన్చెర్టో నాలుగు టింపనీ దెబ్బలతో మొదలవుతుందన్నాడు. నాలుగు కాదు, ఐదు. మొదటి బార్‌లో నాలుగు, ఐదోది రెండో బార్ సమం (మొదటి దెబ్బ) మీద పడుతుంది, సరిగ్గా ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు, అంటే ఊదే వాయిద్యాలు, అందుకునే చోట. మృదంగం వాయించేవాణ్ణి, ముక్తాయింపు ఎక్కడ వాలుతుందో నాకు చెప్పక్కర్లేదు. ఆ ఐదోది మిగతా వాయిద్యాల కింద మునిగిపోతే ఆ రికార్డింగు పక్కన పడేయండి.

ఉక్కునగరం_బాబాయ్
నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. నాలుగే.

లయ_తప్పదు
నలభై ఏళ్లుగా తప్పు లెక్కపెట్టారు, దానికి నేనేం చేయను?

ఉక్కునగరం_బాబాయ్
చిన్నంతరం పెద్దంతరం లేదా బాబూ? నోరు సంబాళించుకో.

అడ్మిన్
ఇద్దరూ ఆగండి. ఇంకొక్క మాట పడితే చర్చకి తాళం వేస్తాను. నాలుగు తీగలు గారూ, కుర్రాడికి మీరు ఇచ్చిన జవాబు మీద కూడా ఫిర్యాదు వచ్చింది.

నాలుగు_తీగలు
ఎన్నేళ్లు నేర్చుకున్నావని అడగడం కూడా తప్పేనా? సరే. తమ్ముడూ, జారు సంగతి నువ్వు చెప్పింది కరెక్టే. వైబ్రాటో గురించి మాత్రం నా మాట మారదు.

బుజ్జితల్లి_నాన్న
రెండు రోజులు ఊళ్లో లేను, ఇప్పుడే మొత్తం చదివాను. పాతపోస్టాఫీస్ గారూ, మీకు చేతులెత్తి దణ్ణం. మీ మాట చదివి అమ్మాయిని పిలిచాను. వయొలిన్ తీసి ట్యూనర్ పెట్టి శ్రుతి చేసుకుంది. నేను ఆ కాపీ ప్లే చేయగానే డి తీగ మీద కమాను వేసింది. వాళ్లమ్మ వంటింట్లోంచి, అదేం చప్పుడు, తీసేయండి అని అరిచింది. అంత తేడా. తర్వాత ఆఫీసులో ఒకాయన దగ్గర అదే రికార్డింగు సీడీ దొరికింది. నెట్ కాపీలో మొదటి మూవ్‌మెంట్ ఇరవై మూడు నిమిషాల్లో అయిపోతోంది, సీడీలో ఇరవై నాలుగు దాటింది. సీడీ పెట్టి వినిపించాను. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నాన్నా, ఈయన వేరేవాడిలా ఉన్నాడు అంది. రాసిందంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. బసూన్ పరీక్ష కూడా చేసింది. ఏ రికార్డింగు నెగ్గిందో నాకు చెప్పడం లేదు, టీచర్‌కే చెబుతుందట.

ఇయర్‌ఫోన్స్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆడియోపిచ్చి
రెండు వేలకి ఏమొస్తుందండీ? కనీసం పన్నెండు పెట్టండి.

లయ_తప్పదు
ఏమీ కొనకండి. ఉన్నదాంతోనే కాన్చెర్టో ఆరంభం పెట్టి వినండి. ఐదో దెబ్బ వినపడితే అవి చాలు.

బుజ్జితల్లి_నాన్న
మూడుసార్లు పెట్టి విన్నాం, చెరో ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని. అమ్మాయికి ఐదు వినపడ్డాయి. నాకు నాలుగే.

ఉక్కునగరం_బాబాయ్
చూశారా.