పడినవారందరికీ మెడకు కాలర్ వేయాల్సిందేనా?

రాత్రిడ్యూటీ: మెట్ల మీద నుంచి పడ్డవారు ఎవరైనా సరే, ముందు మెడ కదలకుండా పట్టే కాలర్, తర్వాత పడుకోబెట్టే గట్టి బోర్డు. అంబులెన్సులో నా పద్ధతి ఇదే. జాగ్రత్త ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు.

వంగినవెన్ను: ఎందుకు లేదు? మా అమ్మకు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నుపూసలు అతుక్కుపోయే జబ్బు. మెడ ముందుకు వంగి ఏనాడో బిగుసుకుపోయింది. స్నానాలగదిలో జారిపడితే, వచ్చినవారు తలను వెనక్కి నొక్కి బోర్డుకు ఆనించబోయారు. వదలమని అరుస్తూనే ఉంది. అలాంటి వెన్ను సుద్దముక్కలా విరుగుతుంది. తల కింద దుప్పటి మడిచి పెట్టి, అలవాటైన వంపులోనే ఉంచాలి.

రాత్రిడ్యూటీ: అరుదైన జబ్బు గురించి కాదు, అందరి సంగతీ చెప్పండి.

గచ్చునేల: సైజు సరిపోని కాలర్ వేసినా ఒకటే, మానినా ఒకటే.

గాయాలవార్డు: అందరి సంగతే చెబుతాను. మెడ గాయం ఎవరికి ఎక్స్‌రే తీయాలో తేల్చేందుకు చేసి, 2000లో వెలువడిన నెక్సస్ అధ్యయనంలో 34,069 మందిని చూశారు. మెడ వెనుక నడిమధ్య నొక్కితే నొప్పి, నరాల లోపం, మత్తు, స్పృహలో తేడా, మెడ నొప్పిని మరిపించే మరో గాయం. ఈ ఐదూ లేనివారికి ఎక్స్‌రే కూడా అక్కరలేదన్నారు. వృద్ధుల విషయంలో మాత్రం నేను వీటినే నమ్ముకోను. నిలుచున్నచోటే పడినా మెడలోని రెండో వెన్నుపూస విరగవచ్చు. ఇక బోర్డు ఉన్నది మనిషిని ఎత్తడానికే, పడుకోబెట్టి ఉంచడానికి కాదు. ఎక్కువసేపు ఉంచితే తల వెనుక, నడుము కింద పుండ్లు పడతాయి. బిగుతు కాలర్ మెడ సిరలను నొక్కి తలలో ఒత్తిడి పెంచుతుంది.

రాత్రిడ్యూటీ: ఆ ఐదూ ఆసుపత్రి వెలుతురులో చూసే వైద్యులకు. తొడ ఎముక విరిగి ఏడుస్తున్న మనిషికి మెడ నొప్పి తెలుస్తుందా?

గాయాలవార్డు: ఐదోది అదే కదా! అలాంటివారి మెడ కదలకుండా చూడండి. ఎవరు వద్దన్నారు?

వంగినవెన్ను: వీరికి చూసి తేల్చడం ఇష్టం లేదు, అంతే.

రాత్రిడ్యూటీ: ఇష్టమా? కాలర్ వేయలేదని నాకు మెమో ఇచ్చారు. ఆ రోగి మెడకు ఏమీ కాలేదని ఆసుపత్రిలో తేలింది. మెమో మాత్రం అలాగే ఉంది. వేసి హాని చేస్తే ఎవరూ అడగరు, వేయకపోతే సంజాయిషీ నాది. పరీక్షించి "అక్కరలేదు" అని రాసే అధికారం నాకు ఇచ్చారా?

గాయాలవార్డు: ఈ మాట మొదటే అనాల్సింది. గొడవ కాలర్‌తో కాదన్నమాట.

వంగినవెన్ను: మా అమ్మ తల నొక్కినవారికీ మెమో భయమే ఉండి ఉంటుంది. అయినా సమర్థించను.

రాత్రిడ్యూటీ: సమర్థించమనలేదు. ఆ దుప్పటి ఎంత ఎత్తు పెట్టాలి?

వంగినవెన్ను: గోడకు ఆనుకుని నిలబడితే తలకూ గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉండేదో ఇంట్లోవారిని అడగండి. అంత.