వింకీ డింక్‌కు వంతెన వేసింది ఎవరు? జాక్ బ్యారీ కార్యక్రమాన్ని ‘ఇంటరాక్టివ్’ అనవచ్చా?

గాజుతెర:

అమెరికాలో సీబీఎస్ సంస్థ 1953 అక్టోబరు 10 నుంచి 1957 ఏప్రిల్ 27 వరకు శనివారం ఉదయాల్లో ‘వింకీ డింక్ అండ్ యూ’ అనే పిల్లల కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. టీవీ చరిత్ర గురించి రాసేవారు చాలామంది దాన్ని ‘మొట్టమొదటి ఇంటరాక్టివ్ టీవీ కార్యక్రమం’ అంటారు. ఆ పేరు దానికి న్యాయంగానే దక్కిందని నేను నమ్ముతున్నాను. కాదనేవారి వాదన వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కార్యక్రమం గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. వింకీ డింక్ అంటే నక్షత్రం ఆకారపు తల, పెద్ద పెద్ద కళ్లు ఉన్న బొమ్మ పిల్లవాడు. అతనికి గొంతు ఇచ్చింది బెట్టీ బూప్ అనే కార్టూన్ పాత్ర గొంతుగా అప్పటికే పేరు పొందిన నటి మే క్వెస్టల్. 50 సెంట్లు పంపిన పిల్లలకు పోస్టులో ఒక కిట్ వచ్చేది. అందులో ‘మాయా కిటికీ’ అని పిలిచే పారదర్శకమైన వినైల్ ప్లాస్టిక్ షీటు, రంగు క్రేయాన్లు, గీసింది తుడిచే గుడ్డ ఉండేవి. షీటును టీవీ అద్దం మీద పరిచి రుద్దితే స్థిర విద్యుత్తు వల్ల అది అంటుకుపోయేది. మన ఇళ్లలో పిక్చర్ ట్యూబ్ టీవీలు ఉన్న రోజుల్లో అద్దం దగ్గరికి చెయ్యి తీసుకువెళితే చిటపటమని చిన్న చప్పుడు రావడమూ, ముంజేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమూ గుర్తున్నవారికి ఆ షీటు ఎలా నిలిచేదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆట విషయానికి వస్తే, వింకీ డింక్‌ను ఎవరో తరుముకొస్తారు, ఎదురుగా నది అడ్డం వస్తుంది, వంతెన ఉండదు. అప్పుడు కార్యక్రమం నడిపే జాక్ బ్యారీ కెమెరా వైపు తిరిగి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక గీత గీయమని ఇళ్లలో ఉన్న పిల్లలను అడుగుతాడు. అడిగి ఆగుతాడు. పిల్లవాడు గీసిన గీత మీదుగా వింకీ డింక్ నడిచి అవతలి ఒడ్డు చేరుకుంటాడు. రహస్య సందేశాలు కూడా ఉండేవి. అక్షరాల్లో కొన్ని గీతలు ఒకసారి, మిగిలిన గీతలు మరోసారి తెర మీదికి వచ్చేవి. రెండింటినీ షీటు మీద దిద్దుకున్నవారికే ఆ మాట చదవడానికి వీలయ్యేది. చుక్కలు పెట్టి ఇచ్చి ముగ్గు కలపమనడం లాంటిది ఇది. చుక్కలు ఒకరివైనా, ముగ్గు వేసిన చెయ్యి ఎవరిదో ఆ చేతికి తెలుసు.

ఎదురొడ్డు:

గాజుతెర గారూ, వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. కానీ మీరు చెప్పిన వంతెన దగ్గరే నా అభ్యంతరం కూడా మొదలవుతుంది. పిల్లవాడు గీత గీయకపోతే ఏమయ్యేది? వింకీ డింక్ నీళ్లలో పడిపోయేవాడు కాదు, గట్టు మీద నిలబడి ఎదురుచూసేవాడూ కాదు. గాలిలో నడుచుకుంటూ అవతలి గట్టుకు వెళ్లిపోయేవాడు. గీత వంకరగా గీసినా, నది మీద కాకుండా ఆకాశంలో గీసినా అంతే. అంటే స్టూడియో నుంచి ఇంటికి బొమ్మ వచ్చింది గానీ, ఇంటి నుంచి స్టూడియోకు పోయింది ఒక్కటీ లేదు. ‘ఇంటరాక్టివ్’ అన్న మాటలో ఇరుపక్కలా రాకపోకలు ఉండాలన్న అర్థం ఉంది. 1977 డిసెంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో వార్నర్ సంస్థ మొదలుపెట్టిన ‘క్యూబ్’ కేబుల్ వ్యవస్థలో ప్రేక్షకుల చేతికి బొత్తాలున్న పెట్టె ఇచ్చారు, వారు నొక్కిన జవాబు కేబుల్ ద్వారా కేంద్రానికి చేరేది. ఆ పేరు దానికి చెల్లుతుంది. దానికంటే 24 ఏళ్ల ముందు వచ్చిన ప్లాస్టిక్ షీటుకు ఎలా చెల్లుతుంది?

మరో విషయం కూడా మీరు దాటేశారు. 50 సెంట్లు లేని ఇంటి పిల్లల సంగతి ఏమిటి? తెర మీది పెద్దమనిషి “గీయండి” అంటున్నాడు, తన దగ్గర షీటు లేదు, కానీ చేతిలో మామూలు క్రేయాన్ ఉంది. చాలామంది పిల్లలు నేరుగా టీవీ అద్దం మీదే గీసేశారన్నది అందరూ చెప్పుకునే సంగతే. దానికి పిల్లలను తప్పుపట్టలేం. కిట్ కొన్నవారికే అర్థమయ్యే సందేశాలు పెట్టడం, కొననివారికి అసంపూర్ణమైన అక్షరాలు చూపించడం అమ్మకపు ఎత్తుగడే తప్ప భాగస్వామ్యం కాదు.

గాజుతెర:

కిట్ విషయంలో మీరన్నది నిజం. అక్కడ నేను ఎదురు చెప్పను. కొననిదే పూర్తి కాని ఆటను పిల్లల ముందు పెట్టడం తప్పే.

రాకపోకల వాదన మీద మాత్రం ఒక మాట ఉంది. హరికథ చెప్పే దాసుగారు “శ్రీమద్రమారమణ గోవిందో” అనగానే పందిట్లో ఉన్నవారంతా “హరి” అంటారు. ఏమనాలో అందరికీ ముందే తెలుసు, జనం మరొకటి అన్నందువల్ల కథ మరో దారి పట్టదు. అయినా ఆ “హరి” లేని హరికథను ఊహించండి. పందిట్లో కూర్చున్నవారు ఆ ఒక్క మాటతో వినేవారుగా మాత్రమే మిగలకుండా కథలో భాగమవుతున్నారు. వంతెన గీసిన పిల్లవాడికి జరిగింది కూడా అదే. ఫలితం ముందే నిర్ణయమైపోయిందన్న ఒక్క కారణంతో అతని పనికి విలువ లేదంటే, మనకు తరతరాలుగా తెలిసిన చాలా కళారూపాలలో ప్రేక్షకుడి పాత్రను కొట్టిపారేయవలసి వస్తుంది.

జాక్ బ్యారీ నేర్పు గురించి కూడా చెప్పాలి. అతను 1946లో రేడియోలో ‘జువెనైల్ జ్యూరీ’ మొదలుపెట్టాడు. శ్రోతలు పంపిన సమస్యలకు చిన్నపిల్లల బృందం తమకు తోచిన పరిష్కారం చెప్పేది. పిల్లలు నోరు తెరిస్తే ఏం వస్తుందో ఎవరికీ తెలియని చోట ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి, ఎదురుగా ఒక్క పిల్లవాడు కూడా లేని కెమెరా ముందు ఎంతసేపు ఆగాలో అంచనా కట్టగలిగాడు. తొందరపడితే గీత పూర్తి కాదు. ఎక్కువసేపు ఆగితే అప్పటికే గీసేసిన పిల్లలు విసుగెత్తి లేచిపోతారు. కార్యక్రమం మొత్తం నిలబడింది ఆ కొద్ది క్షణాల మౌనం మీదే అని నా నమ్మకం.

ఎదురొడ్డు:

హరికథ పోలిక బాగుంది, అయితే అది మీ వాదన కంటే నా వాదనకే ఎక్కువ బలమిస్తోంది. జనం “హరి” అని నీరసంగా అంటే దాసుగారు ఊరుకోరు. చిడతలు ఆపి, “వినపడలేదు, గట్టిగా అనండి” అని మళ్లీ అనిపిస్తారు. పందిరి నిద్రమత్తులో ఉందనిపిస్తే ఒక పిట్టకథ అందుకుంటారు, అందరూ ఉత్సాహంగా ఉంటే పద్యాన్ని మరో రెండు నిమిషాలు సాగదీస్తారు. అంటే ఆ “హరి” ఆయన చెవికి చేరుతోంది, కథ నడకను మారుస్తోంది. బ్యారీ చెవికి చేరింది ఏమిటి? మీరు మెచ్చుకున్న మౌనంలో అతనికి వినిపించింది స్టూడియో చప్పుడు మాత్రమే.

నాటి పేపరు:

ఇద్దరి వాదనలూ చదివాను. ఇందులో ఇంతవరకు రాని ఒక విషయం చెప్పాలి. ఎందుకంటే ‘ముందే నిర్ణయమైన ఫలితం’ అన్న మాట జాక్ బ్యారీ జీవితంలో మరోచోట చాలా పెద్ద గొడవకు కారణమైంది.

వింకీ డింక్ ఇంకా నడుస్తుండగానే, 1956 సెప్టెంబరు 12న ఎన్‌బీసీలో ‘ట్వెంటీ వన్’ అనే క్విజ్ మొదలైంది. నడిపింది బ్యారీ, నిర్మించింది బ్యారీ, అతని భాగస్వామి డాన్ ఎన్‌రైట్‌ల సంస్థ. చప్పుడు దూరని గాజు గదుల్లో పోటీదారులు నుదుటి చెమట తుడుచుకుంటూ ఆలోచిస్తుంటే దేశమంతా ఊపిరి బిగబట్టి చూసేది. కానీ ప్రశ్నలూ జవాబులూ కొందరికి ముందే అందేవి, చెమట ఎప్పుడు తుడుచుకోవాలో కూడా నేర్పి పంపేవారు. ఆ పని చేసింది ఎన్‌రైట్. 1956 డిసెంబరు 5న హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారుడు, అంతకుముందు ఏడాది చిత్రాలలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచినది ఏదో తెలిసి కూడా ఆదేశం ప్రకారం తప్పు జవాబు చెప్పాడు. తర్వాత గెలుస్తూ వచ్చిన చార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబరు 2న అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు నిజం ఒప్పుకున్నాడు. 1960లో ఇలాంటి మోసాన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది. ‘ట్వెంటీ వన్’ 1958లోనే ఆగిపోయింది, బ్యారీ పదేళ్లకు పైగా జాతీయ స్థాయి టీవీకి దూరమయ్యాడు. 1972లో ‘ద జోకర్స్ వైల్డ్’తో గానీ అతనికి నిలకడైన స్థానం మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ కొన్ని నెలల పాటు ఒకే మనిషి శనివారం ఉదయం పిల్లలతో “మీరు గీస్తేనే వింకీ దాటగలడు” అన్నాడు, రాత్రి వేళ పెద్దలతో “ఇది నిజమైన పోటీ” అన్నాడు. రెండింటిలోనూ ఫలితం ముందే సిద్ధంగా ఉంది. మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తప్పుపట్టడానికి గాజుతెర గారి దగ్గర ఉన్న ఆధారం ఏమిటి?

గాజుతెర:

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

‘ట్వెంటీ వన్’లో ప్రేక్షకుడి చేతిలో ఏమీ లేదు. అతను నమ్మకం ఒక్కటే పెట్టాడు, దాన్నే దోచుకున్నారు. అసలు విషయం బయటపడ్డాక అతని దగ్గర మిగిలింది ఏమీ లేదు. వింకీ డింక్ విషయంలో, గీయకపోయినా బొమ్మ నడుస్తుందని ఆ పిల్లవాడికి ఒక శనివారం కాకపోతే మరో శనివారం తెలిసే ఉంటుంది. పక్కింట్లో షీటు లేకుండా చూసినా తెలుస్తుంది. తెలిసిన తర్వాత కూడా గీయడానికి కూర్చున్నాడంటే, అతన్ని కట్టిపడేసింది ఆ మాట నిజమా కాదా అన్నది కాదు, గీయడమే. కార్యక్రమం అయిపోయాక కూడా అద్దం మీద అతని గీత ఉంటుంది. కాస్త వంకరగా, ఒక చివర నీళ్లలో మునిగినట్టుగా ఉన్నా అది అతనిదే. దాన్ని గుడ్డతో తుడిచేది కూడా అతనే. అందువల్ల రెండింటినీ ఒకే గాటన కట్టలేను. అయితే “మీరు గీస్తేనే” అన్న మాట నాలుగేళ్ల పిల్లవాడి విషయంలో అబద్ధమేనన్నది కూడా ఒప్పుకోవాలి. ఆ వయసు పిల్లవాడు నిజంగానే వింకీ ప్రాణం తన చేతిలో ఉందనుకుంటాడు.

ఎక్స్ కిరణాల గురించి ఒకరు నాకు విడిగా రాశారు కాబట్టి ఆ సంగతీ ఇక్కడే చెబుతాను. పిల్లలు తెరకు మరీ దగ్గరగా కూర్చుంటే ప్రమాదమన్న భయంతోనే కార్యక్రమం ఆపేశారని తరచూ చదువుతుంటాం. జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన కలర్ టీవీల నుంచి మోతాదుకు మించి ఎక్స్ కిరణాలు వెలువడుతున్నాయని తేలింది 1967లో. అంటే మొదటి ప్రసారాలు ముగిసిన పదేళ్లకు. 1969లో మొదలైన పునఃప్రసార ప్రయత్నం మీద ఆ భయం పడి ఉంటుందంటే నమ్ముతాను గానీ, 1957 నాటి ముగింపుకు దాన్నే ప్రధాన కారణంగా చూపడం నాకు సబబుగా తోచదు.

ఎదురొడ్డు గారూ, దాసుగారి చెవి గురించి మీరన్నదానికి నా దగ్గర సమాధానం లేదు. బ్యారీకి వినపడలేదు, వినపడే మార్గమూ లేదు. కాబట్టి నా మొదటి టపాలో సమర్థించిన ‘ఇంటరాక్టివ్’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, ఆ పేరు మీరన్న ‘క్యూబ్’కే ఉండనివ్వండి. ప్రేక్షకుడి చేతికి పని చెప్పిన తొలి కార్యక్రమాలలో వింకీ డింక్ ఒకటన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

ఎదురొడ్డు:

ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. కిట్ 50 సెంట్లకు కాకుండా ఉచితంగా పంపి ఉంటే దాన్ని నేనే ముందుగా రాసేవాడిని.