మంచం పక్కన చేసేది పరిచర్య కాదా?

కొత్తపేట కోడలు (గుంటూరు):
అందరికీ వందనాలు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. కుడివైపు పడిపోయింది, మాట లేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేస్తాను. జావ చెంచాతో పోస్తే మింగడానికి ముప్పావు గంట పడుతుంది. సండే స్కూల్ పిల్లలకు చెప్పడం మానేశాను, స్త్రీల సమాజానికి వెళ్లడం లేదు. పోయిన వారం మా సంఘంలోని ఒక పెద్దావిడ చూడ్డానికి వచ్చి, "మార్తలా అయిపోయావమ్మా, మరియలా ఉండాలి" అన్నారు. లూకా సువార్తలో యేసు ఇంటికొస్తే అక్క మార్త పనుల్లో మునిగిపోయింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింది, ఆ కథ. ఆవిడ వెళ్లాక పక్కగుడ్డలు ఉతుకుతూ ఏడ్చాను. నేను చేస్తున్నది దేవుని పనేనా? లేక దేవుని పనికి వెళ్లలేక నాకు నేను చెప్పుకుంటున్న ఓదార్పా?

పటమట అన్నయ్య (విజయవాడ):
చెల్లెమ్మా, దేవుని పనే. "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి" అని మత్తయి 25లో ప్రభువే అన్నాడు. ఆకలి, దాహం, బట్ట, రోగం, ఇవీ ఆయన లెక్కపెట్టినవి. అక్కడ ప్రసంగం లేదు, పాట లేదు.
అయితే ఆ పెద్దావిడ మాటను పూర్తిగా తీసిపారేయకండి. మా నాన్నగారికి నేను మూడేళ్లు చేశాను. వాక్యానికి దూరమైనకొద్దీ ఆయన మీద నాకు చిరాకు పెరిగింది. ఒకరోజు అన్నం గిన్నె విసురుగా పెట్టాను. ఆయన చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మరియ కూర్చున్న చోటు మనకూ కావాలి, రోజుకు పది నిమిషాలైనా.

నైట్ డ్యూటీ నర్స్ (విజయవాడ):
అన్నయ్యా, మీరు స్వయంగా చేశారు కాబట్టి మీ మాటకు విలువుంది. కానీ అందరి ఇళ్లలో అలా లేదు. డిశ్చార్జ్ రోజు పేషెంట్‌ను ఎలా తిప్పాలో, ఎలా తుడవాలో చూపిద్దామని పిలిస్తే కొడుకులు "మా ఆవిడకు చెప్పండి" అని బయటికి వెళ్లిపోతారు. వారానికి ఒక్కసారైనా చూస్తాను ఇది. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ 97 కూడా ఇంటిపని చేసే మగవాళ్ల లెక్కే.
"ఏమి చేసినను ప్రభువు నిమిత్తమని చేయుడి" అనే కొలొస్సయుల వాక్యం కోడళ్లకు అప్పజెబుతారు. దాని ముందు వచనం చూడండి, ఆ మాట దాసులతో చెప్పింది. కాస్త కిందే యజమానులను న్యాయంగా ఉండమన్న మాట కూడా ఉంది. అది ఎవరూ చదవరు. పరిచర్య అని పేరు పెట్టగానే అక్కకు నడుం నొప్పి అనే హక్కు కూడా పోతుంది. అంటే సణుగుడు అంటారు.

గుణదల అమ్మ:
నర్సమ్మా, మీ కోపం న్యాయమే. కానీ ఒకటి వినండి. నా కొడుకుకు పంతొమ్మిదేళ్లు, పుట్టుకతోనే నడక లేదు, మాట లేదు. పంచుకోవడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. మేం కాథలిక్కులం. 1897లో 24 ఏళ్లకే చనిపోయిన ఫ్రాన్సు సన్యాసిని, పునీత లిసియు తెరేజమ్మ, ఎవరి కంటా పడని చిన్న పనులే ప్రేమతో చేస్తే దేవుడి దగ్గరికి దారి అని నమ్మింది. వాడికి స్నానం చేయించేటప్పుడు నేను ఆ తల్లినే తలచుకుంటాను. ఆ అర్థం కూడా నా దగ్గర్నుంచి తీసేస్తే మిగిలేది చాకిరీ. దయచేసి తీసేయొద్దు.

అరండల్‌పేట లూథరన్ (గుంటూరు):
అమ్మా, తీసేయక్కర్లేదు. అందరికీ పంచాలి అంతే. మన గుంటూరుకు లూథరన్ మిషన్ 1842లో వచ్చింది, మా ఇంట్లో నాలుగు తరాలుగా అదే సంఘం. ఆ సంఘానికి పేరిచ్చిన జర్మన్ సంస్కర్త లూథర్ 1522లో పెళ్లి గురించి రాస్తూ, తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే లోకం నవ్వుతుంది గానీ, అతను విశ్వాసంతో చేస్తే దేవుడు దూతలతో కలిసి సంతోషిస్తాడన్నాడు. తండ్రి అన్నాడు, గమనించండి. అయిదు వందల ఏళ్ల కింద! మా సంఘంలో ఈ మాట మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.
ఇంకొకటి. మార్కు 7లో తల్లిదండ్రులకు పెట్టాల్సింది "కొర్బాను, దేవుడికి ఇచ్చేశాం" అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా గద్దించాడు. అంటే మంచాన పడ్డవాళ్లను వదిలేసి మీటింగులకు తిరగడం భక్తి కాదు. కొత్తపేట అక్కా, యోహాను 12 తీయండి. మార్త సహోదరుడు లాజరును యేసు చావు నుంచి లేపాక వాళ్ల ఊరు బేతనియలో విందు జరిగితే "మార్త ఉపచారము చేసెను" అని ఉంది. అప్పుడూ వడ్డిస్తూనే ఉంది, ప్రభువు ఆపలేదు.

నైట్ డ్యూటీ నర్స్:
గుణదల అమ్మా, క్షమించండి. మీ అర్థం మీద నా చెయ్యి పడదు. దాన్ని మీరు మీ అంతట మీరు వెతుక్కున్నారు. ఇంకొకరు మీ నెత్తిన పెట్టింది కాదు. నాకు ఆ తేడా ముఖ్యం.

పటమట అన్నయ్య:
లూథరన్ తమ్ముడు చెప్పింది బాగుంది. అయినా లూకా 10లో మరియను మెచ్చుకుంటూ ప్రభువు మార్తతో "అవసరమైనది ఒక్కటే" అన్న మాట చెరిగిపోదు. నేనక్కడే నిలబడతాను.

కొత్తపేట కోడలు:
అన్నయ్యా, మీరు అన్నాక లూకా 10 మళ్లీ చదివాను. మార్త అడిగింది చూశారా, "నేను ఒంటరిగా పనిచేయుటకు నా సహోదరి నన్ను విడిచిపెట్టినందున నీకు చింతలేదా?" ఇన్నేళ్లూ తొందరపాటు అన్న మాటే నా చెవిన పడింది. ఒంటరిగా అన్నది ఇప్పుడు కనబడింది. ఈ చర్చ మొత్తం మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. రాత్రి రెండింటి అలారం మాత్రం తన ఫోన్‌లో పెట్టుకున్నారు. లేచారు కూడా. వాళ్లమ్మను తిప్పడం రాక భయపడి నన్ను లేపారు, ఇద్దరం కలిసి తిప్పాం. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నైట్ డ్యూటీ నర్స్:
అక్కా, బావగారికి చెప్పండి. వీపు కింద మడత దుప్పటి ఒకటి ఎప్పుడూ పరిచి ఉంచాలి. చెరోవైపు దాన్ని పట్టుకుని కొంచెం ఎత్తి తిప్పాలి, ఒంటిని లాగొద్దు, చర్మం ఒరుసుకుపోతుంది. మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. పడిపోయిన కుడి చెయ్యి ఒంటి కింద నలగకుండా చూసుకోమనండి.