మార్మొరినో పూత నేర్చుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

నేను ఇటలీలోని పాదువాలో ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానండీ. వెనిస్ గోడల మీద పాలరాయిలా మెరిసే మార్మొరినో పూత సొంతంగా వేయడం నేర్చుకోవాలని చాలా ఆశగా ఉంది. డబ్బాల్లో దొరికే యాక్రిలిక్ రకంతో ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. యాక్రిలిక్ ఆరి ఊరుకుంటుంది, అసలు మార్మొరినోలో వాడే సున్నమైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. బాగా నానిన సున్నపు ముద్ద, పాలరాతి పొడి తెచ్చుకోండి. కింది పూతకు బరక పొడి, పైదానికి మెత్తటిది. గోడ ముందే తడపాలి, లేకపోతే నీళ్లన్నీ లాగేసుకుని పూత పగుళ్లిస్తుంది. పై పూత వేలికి అంటకుండా, ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే తాపీ కాస్త వాల్చి గట్టిగా నొక్కి రుద్దాలి, అదను దాటితే ఎంత రుద్దినా మెరుపు రాదు.

జవాబు 2:
పాత పనులు దగ్గరగా చూడండి. వెనిస్‌లోని శాన్ మార్కో చౌక్‌లో ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా డిజైన్ చేసిన ఒలివెట్టి (టైప్‌రైటర్ల కంపెనీ) షోరూమ్ ఉంది, తప్పకుండా వెళ్లండి. వెనిస్‌లో తేమ ఎక్కువ కాబట్టి అడుగు పూతలో ఇటుక, పెంకుల పొడి కలిపేవారు, గోడ ఊపిరి పీల్చుకునేది.

జవాబు 3:
కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా సున్నం ముట్టుకోవద్దు తమ్ముడూ, కంట్లో పడితే చాలా ప్రమాదం. పాత భవనాలు బాగుచేసే మేస్త్రీ దగ్గర సహాయకుడిగా చేరితేనే చేయి తిరుగుతుంది.