మేరీ కసాట్ రంగు ముద్రణలు: జపాను నుంచి తీసుకున్నదెంత?

రాగిపలక:
1890లో పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళాశాలలో జపాను చెక్క అచ్చు చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. దాన్ని చూసిన, పారిస్‌లో స్థిరపడిన అమెరికా చిత్రకారిణి కసాట్ మరుసటి ఏడాదికి పది రంగు ముద్రణలు చేసింది. వాటిని జపాను అచ్చు చిత్రకారుడు ఉతామారోకు నకళ్లని ఈ వేదికలో పదే పదే కొట్టిపారేస్తున్నారు. నీడల్లేని చదును రంగులు, అంచు దగ్గర తెగిపోయే ఆకృతులు, స్నానం, ఉత్తరం వంటి ఇంటి సంగతులు అక్కడివే కావచ్చు. కానీ ఆమె చెక్కను ముట్టలేదు. రాగి పలకల మీద సూదితో నేరుగా గీసే డ్రైపాయింట్, ఆమ్లంతో చదును ఛాయలు తెచ్చే ఆక్వాటింట్ పద్ధతుల్లో పని చేసింది. నకలు తీసేవారు ఇంత కష్టం నెత్తిన వేసుకోరు.

చెక్కుడుపని:
చెక్కను ముట్టకపోవడమే నా అభ్యంతరం. జపానులో ఎదో కాలపు (1603–1868) చిత్రంలో చిత్రకారుడు గీసిన కాగితాన్ని చెర్రీ చెక్కకు అంటించి చెక్కేవాడు ఒకడు, నీటి రంగు పూసి బారెన్ అనే చేతి మెత్తతో రుద్ది అచ్చు తీసేవాడు మరొకడు, పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త ఇంకొకడు. రంగుకొక చెక్క ఉంటుంది. అవన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవడానికి చెక్క మూలన కెంతో అనే గాడి చెక్కుతారు. యూరప్‌వారిలో ఎక్కువమంది బొమ్మను తీసుకుని ఈ పనిని వదిలేశారు. 1900లో జపాను వెళ్లి ఆ పనిని దగ్గరుండి నేర్చుకున్న ఎమిల్ ఓర్లిక్ వంటివారిని మాత్రం ఎవరూ తలవరు.

సిరామరక:
జపాను చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల చిత్రంలోని నీలం యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ. అప్పును ఒకవైపే లెక్కకట్టకండి.

చెక్కుడుపని:
రంగు కొనుక్కోవడం వేరు, పనితనం నేర్చుకోవడం వేరు.

రాగిపలక:
మీరు చెక్కనే పట్టుకుని వేలాడుతున్నారు. నార్వే చిత్రకారుడు మూంక్ 1896 నుంచి చెక్క మీదే పని చేశాడు. చెక్కను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేరే రంగు పూసి, మళ్లీ కలిపి ఒకేసారి అచ్చు తీశాడు. అది జపాను పద్ధతి కానే కాదు. మీ కొలమానం ప్రకారం అతణ్ణి ఎక్కడ పెడతారు?

చెక్కుడుపని:
ప్రెస్ చక్రం తిప్పనివారు కొలమానాల గురించి మాట్లాడటం వినలేకపోతున్నాను. పేరున్న ఒక చిత్రకారుడి ఎచింగులకు పలకలు ఆమ్లంలో ముంచింది నేను, సిరా తుడిచింది నేను, ఎడిషన్‌లోని ప్రతులన్నీ అచ్చు తీసింది నేను. కేటలాగులో నా పేరు ఎక్కడా లేదు.

పాతబొమ్మలు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

రాగిపలక:
మీకు జరిగింది అన్యాయమే. కానీ దాని బాకీ కసాట్ దగ్గర వసూలు చేయకండి. 25 ప్రతుల ఎడిషన్ అనీ, చిత్రకారిణి, అచ్చు తీసే మస్యూ లెరోయ్ కలిసి ముద్రించారనీ ఆమె ప్రతుల అడుగున పెన్సిల్‌తో రాసింది. మీరు ఆదర్శంగా చూపే ఎదో చిత్రాల్లో చిత్రకారుడి సంతకం, ప్రచురణకర్త ముద్ర కనిపిస్తాయి. చెక్కినవాడి పేరు చాలా అరుదు.

చెక్కుడుపని:
అక్కడా అన్యాయమే, కాదనను. మరి ఆమె రాసిన ఆ పేరును మీ మొదటి టపాలో మీరెందుకు వదిలేశారు? "కసాట్ చేసింది" అని తేల్చేశారు. ఒకే పలక మీద గుడ్డ ఉండలతో వేరు వేరు రంగులు అద్ది, ఒకదానిలోకి ఒకటి పాకకుండా తుడిచి, ప్రతి ప్రతికీ ఆ పనంతా మళ్లీ మొదటినుంచి చేసినవాళ్లలో లెరోయ్ ఒకడు. జపాను ప్రభావమంటే కూర్పు, రేఖ అని రాసేవారంతా గీసినవారినే లెక్కలోకి తీసుకుంటున్నారు. నా గొడవంతా అదే.

రాగిపలక:
రేఖ ఆమెది, ఏ రంగు ఎక్కడ పడాలన్న నిర్ణయం ఆమెది. లెరోయ్ పేరు పక్కన ఉండాలి, ఒప్పుకుంటాను. సగం బొమ్మ అతనిదంటే ఒప్పుకోను.

చెక్కుడుపని:
సగం అడగలేదు. ప్రభావం గురించి రాసేటప్పుడు పనివాడిని కూడా చరిత్రలో చేర్చమంటున్నాను.