కాపర్ సల్ఫేట్ అణుభారంలో ఐదు నీటి అణువులను కూడా కలపాలా?

ప్రశ్న (డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని):
అందరికీ నమస్కారం. మా ప్రయోగశాలలో 0.1 మోలార్ (అంటే లీటరుకు అణుభారమంత గ్రాములలో పదో వంతు) కాపర్ సల్ఫేట్ ద్రావణాన్ని ఒక లీటరు తయారు చేయమన్నారు. ఒక కాపర్, ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్ పరమాణువుల భారాలను కూడితే 159.60 వచ్చింది కనుక, 15.96 గ్రాముల నీలి స్ఫటికాలను తూచి కరిగించాను. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంతో టైట్రేషన్, అంటే గాఢతను కొలిచే పరీక్ష, చేస్తే గాఢత 0.064 మాత్రమే తేలింది. సీసా చీటీ మీద ఫార్ములా చివర ఒక చుక్క, దాని తరువాత ఐదు నీటి అణువులు ఉన్నాయి. చుక్క అంటే గుణకారమనుకుని గుణిస్తే పద్నాలుగు వేలు దాటింది. నా పొరపాటు ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

సమాధానం (రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, మీ టైట్రేషన్ సరిగానే ఉంది, తూకమే తప్పింది. ఫార్ములాలోని ఆ చుక్క గుణకార చిహ్నం కాదు. స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేట్ యూనిట్‌తో పాటు ఐదు నీటి అణువులు కూడా ఉన్నాయని చెప్పే గుర్తు. అందువల్ల వాటి భారాన్ని కూడాలి.

కాపర్ 63.546, సల్ఫర్ 32.06, ఆక్సిజన్ 15.999ని నాలుగుతో హెచ్చిస్తే 63.996, ఈ మూడింటి మొత్తం 159.602. ఒక నీటి అణువు భారం 18.015, ఐదింటికి 90.075. రెండూ కలిపితే 249.677. అంటే 0.1 మోలార్‌కు మీరు తూచవలసింది అందులో పదో వంతు, 24.97 గ్రాములు. మీరు తూచిన 15.96 గ్రాములను 249.68తో భాగించి చూడండి, మీకు వచ్చిన 0.064యే వస్తుంది. తప్పు తూకాన్ని ఇంత కచ్చితంగా పట్టి చూపిన టైట్రేషన్ చేతికి నేను మంచి మార్కులే వేస్తాను.

ఇది అయానిక సమ్మేళనం (విద్యుదావేశమున్న అయాన్లతో ఏర్పడినది) కాబట్టి విడి అణువులంటూ ఉండవు. అణుభారం అని వాడుకలో అంటున్నా, ఫార్ములా భారం అనడమే సరైనది. హైపో స్ఫటికాలలోనూ ఐదు నీటి అణువులున్నాయి. వాటి ఫార్ములా భారం 248.17. ఆ ద్రావణాన్ని కూడా మీరే తయారు చేసేటట్లయితే ఈ సంగతి మరచిపోకండి.

సమాధానం (వ్యవసాయ శాస్త్ర పట్టభద్రుడు):
రైతులు మైలుతుత్తం అని పిలిచేది ఈ నీలి స్ఫటికాలనే. పంటల తెగుళ్లకు చల్లే ఒక శాతం బోర్డో మిశ్రమానికి వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం వాడతారు. 63.546ని 249.677తో భాగిస్తే కిలో మైలుతుత్తంలో రాగి సుమారు 254 గ్రాములేనని తెలుస్తుంది. అదే స్ఫటికాలను వేడి చేసి నీటినంతా పోగొట్టగా మిగిలే తెల్లపొడిలో కిలోకు 398 గ్రాముల రాగి ఉంటుంది. అందుకని పొడి రంగు చూడకుండా తూకం వేయడం మంచిది కాదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 24.97 గ్రాములతో మళ్లీ చేస్తాను. మరొక సందేహం: పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు పూర్ణసంఖ్యలో ఉంటాయి కదా, కాపర్‌కు 63.546 అనే సంఖ్య ఎలా వచ్చింది?

సమాధానం (అధ్యాపకుడు):
ప్రకృతిలో దొరికే కాపర్‌లో ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 63 గల ఐసోటోపు (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరైన రకం) సుమారు 69 శాతం, 65 గలది సుమారు 31 శాతం ఉంటాయి. వాటి ద్రవ్యరాశులను ఆయా శాతాల ప్రకారం సగటు కట్టగా వచ్చిందే 63.546, ఆ భారమున్న కాపర్ పరమాణువు విడిగా ఎక్కడా ఉండదు. ఇక అభ్యాసానికి పటిక తీసుకోండి: ఒక పొటాషియం, ఒక అల్యూమినియం, కుండలీకరణంలో రెండు సల్ఫేట్లు, చుక్క తరువాత పన్నెండు నీటి అణువులు. కుండలీకరణం వెలుపలి 2 లోపలి సల్ఫర్‌కూ, ఆక్సిజన్‌కూ కూడా వర్తిస్తుంది. చాలామంది తడబడేది అక్కడే.

విద్యార్థిని:
నీరు లేకుండా 258.19, నీటితో 474.37 వచ్చింది సర్.

అధ్యాపకుడు:
సరిగ్గా వచ్చింది.